చెక్‌సమ్: నకలును సరిచూచు లెక్క

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి, జీడితోటలు కూలిన సంగతి అందరెరిగినదే. తడిసిన కాగితముల సంగతి ఎవరికి పట్టును? అట్టి మార్కుల పట్టిక నొకదానిని మేము కంప్యూటరులో ఎక్కించినప్పుడు ఒక విద్యార్థికి వచ్చిన 62 మార్కులు 26 అయినవి. అతడు వచ్చి అడుగువరకు మేము గమనింపలేదు. తెలుగు బోధించు మాకు ఈ లెక్కలపై ఆసక్తి కలిగినది నాటి నుండియే.

కంప్యూటరు నకలు తీసినప్పుడు మూలమునకు, నకలుకు వేర్వేరుగా ఒక సంఖ్య కట్టి పోల్చును. దానినే చెక్‌సమ్ అందురు. ఉర్దూ కవులు అబ్జద్ పద్ధతిలో అక్షరముల విలువలు కూడి తారీఖు చెప్పుట మన విద్యార్థులు ఎరుగుదురు. అయితే అక్షరములు తారుమారైనను ఆ మొత్తము మారదు. 1995లో వెలువడిన జీలిబ్ అను ఉచిత ప్రోగ్రాములోని ఆడ్లర్-32 పద్ధతి ఈ లోపమును రెండు మొత్తములతో సరిదిద్దినది. మొదటిది 1తో ఆరంభమై అంకెలను కూడుకొనును; రెండవది సున్నతో ఆరంభమై, మొదటి దాని విలువను అడుగడుగునా తనలో కలుపుకొనును. 62కు మొదటిది 9, రెండవది 16. 26కు మొదటిది 9 కాని, రెండవది 12. తప్పు పట్టుబడినది!

సంఖ్యలు పెరిగిపోకుండ రెండింటిని 65521తో భాగించి శేషమునే ఉంచుదురు. అయితే యంత్రమునకు కూడికకన్న భాగహారము బరువైన పని. పలాసలో జీడిపిక్కలు 80 కిలోల బస్తాల లెక్కన కొందురు. గంప తూచిన ప్రతిసారి మొత్తమును 80తో భాగింపవచ్చును. సాయంకాలము వరకు కూడి ఒకేసారి భాగించినను మిగులు అదియే. చిట్టా గడిలో సంఖ్య పట్టిన చాలును. జీలిబ్ చేసినదియు ఇంతే. 32 బిట్ల గడిలో 429 కోట్ల పైచిలుకు సంఖ్య పట్టును. ఒక్కొక్క బైటు విలువ 255 మించదు. ఆ లెక్కన 5552 బైట్ల వరకు నిశ్చింతగా కూడి, ఆపై ఒక్కసారి భాగించిన చాలును. ఐదువేల పైచిలుకు భాగహారముల చోట ఒక్కొక్క మొత్తమునకు ఒక్కటి! ఫలితములో ఒక్క అంకెయు మారదు.

1996లో ట్రిడ్జెల్, మెకెరాస్ వెలువరించిన ఆర్‌సింక్ అసలు భాగహారమునే తప్పించినది. ఇది నకళ్లు భద్రపరచుటకు నేటికిని వాడుకలో నున్నది. 65536 రెండు యొక్క ఘాతము గనుక శేషము కొరకు చివరి 16 బిట్లు తీసికొన్న చాలును. పైగా ఒక బైటు ముందుకు జరిగినప్పుడు మొత్తమంతయు మరల కూడదు. విడిచిన దానిని తీసివేసి, వచ్చిన దానిని కలుపును. ఇట్టి తేలిక లెక్కలో వేర్వేరు పాఠములకు ఒకే సంఖ్య రావచ్చును. అందుచేత రెండు సంఖ్యలు కలిసిన చోట మాత్రమే బరువైన రెండవ పరీక్ష జరుపును.