బూటింగ్‌లో కంప్యూటర్ ఆగిపోతే ఏం చేయాలి?

కంప్యూటర్ స్విచ్ వేస్తాం. నల్లటి తెర మీద కొన్ని లైన్లు గబగబా పరిగెత్తి ఒకచోట ఆగిపోతాయి. ఏ కీ నొక్కినా పలకదు. అప్పుడు చాలామంది డిస్కును ఫార్మాట్ చేసేస్తారు. దాంతో ప్రాజెక్టు రిపోర్టు, నోట్సు, ఫొటోలు అన్నీ పోతాయి. లోపం హార్డ్‌వేర్ దగ్గర ఉంటే కొత్తగా వేసిన సిస్టమ్ కూడా అక్కడే ఆగవచ్చు. కాబట్టి లినక్స్ కెర్నల్ ఎక్కడ ఆగిందో కనిపెట్టే పద్ధతి తెలుసుకుందాం.

కెర్నల్ చేసే పని

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ కెర్నల్. లినక్స్ కెర్నల్‌ను 1991లో ఫిన్లాండ్‌కు చెందిన విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. స్విచ్ వేయగానే ముందు బయాస్ లేదా యూఈఎఫ్ఐ పని మొదలుపెడుతుంది. తర్వాత గ్రబ్ అనే ప్రోగ్రాం కెర్నల్‌ను మెమరీలోకి తెస్తుంది. అప్పుడు కెర్నల్ తనలోని డ్రైవర్లను వరుసగా పిలుస్తుంది. ఈ పిలుపులే ఇనిట్‌కాల్స్. డ్రైవర్ తన పరికరాన్ని పలకరించి జవాబు కోసం చూస్తుంది. గడువు పెట్టుకోని డ్రైవర్ అయితే, జవాబు రాకపోయినా చూస్తూనే ఉంటుంది. అదే హ్యాంగ్. పానిక్ వేరు. అందులో కెర్నల్ కారణం తెర మీద రాసి ఆగుతుంది.

చివరి లైను దోషి కాకపోవచ్చు

మన హాస్టల్లో రాత్రి హాజరు గుర్తు చేసుకోండి. 37వ నంబరు పలికాక నిశ్శబ్దం వస్తే, లేనిది 37 కాదు, 38. తెర మీద చివరి లైను కూడా చాలాసార్లు పని పూర్తి చేసినవాడిదే. పలకనివాడు ఎవరో తెలియాలంటే పిలుపులు కూడా కనబడాలి.

పద్ధతి

1. మొదట్లోనే షిఫ్ట్ గానీ ఎస్కేప్ గానీ నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. అక్కడ 'ఇ' అక్షరం నొక్కాలి.

2. 'లినక్స్' అని మొదలయ్యే లైనులో 'క్వయట్', 'స్ప్లాష్' అనే మాటలు తీసేయాలి. వాటి స్థానంలో 'ఇగ్నోర్_లాగ్‌లెవెల్', 'ఇనిట్‌కాల్_డీబగ్' అని ఇంగ్లీషులో చేర్చాలి. కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కితే బూట్ అవుతుంది. ఈ మార్పు ఆ ఒక్కసారికే. డిస్కులో ఏదీ చెరగదు.

3. ఇప్పుడు ప్రతి పిలుపుకూ 'కాలింగ్' అనీ, అది ముగియగానే 'రిటర్న్‌డ్' అనీ లైన్లు పడతాయి. 'కాలింగ్' ఉండి 'రిటర్న్‌డ్' లేనిదే మన అనుమానితుడు. ఫోన్‌తో తెరను ఫొటో తీసుకోండి.

4. అనుమానాన్ని పరీక్షించాలి. గ్రాఫిక్స్ అయితే 'నోమోడ్‌సెట్' చేర్చాలి. యూఎస్‌బీ అయితే తగిలించినవన్నీ పీకి చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పాత కెర్నల్ బాగా నడిచి, కొత్తది ఆగితే డెవలపర్లు 'గిట్ బైసెక్ట్' వాడతారు. అది మార్పుల వరుసను ప్రతిసారీ సగానికి కోస్తుంది. 1000 మార్పులున్నా సుమారు 10 పరీక్షల్లో దోషి దొరుకుతుంది.

మనలో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ గురించి అడగడానికి ఎవరూ ఉండరు. అయినా భయం వద్దు. ఎక్కడ ఆగిందో చాలాసార్లు మిషనే చెబుతుంది. ముందు చదవండి, తర్వాత పరీక్షించండి. ఫార్మాట్ అన్నిటికంటే చివరి మాట.