గంప ఎత్తాక మిగిలేవెన్ని?

కార్తీకం వచ్చిందంటే పల్లెల్లో పెట్టలు ఒక్కొక్కటే పొదుగుకు వస్తాయి. వానలు వెనకబట్టాయి, నేల ఆరింది, ఎండ ఇంకా ముదరలేదు, కళ్లాల్లో గింజ రాలే రోజులు దగ్గరపడ్డాయి. గుడ్లు పెట్టడం ఆపేసిన పెట్ట గూట్లోంచి లేవదు. చెయ్యి దగ్గరకు తీసుకెళితే ఈకలన్నీ ఉబ్బించి గుర్రుమంటుంది, ఇంకాస్త ముందుకెళితే పొడుస్తుంది. పెరటి కోళ్లు పెంచుకునేవారికి ఏడాది మొత్తంలో ఇదే అసలైన అదను.

అయితే ఈ అదనులో చాలా ఇళ్లలో జరిగే లెక్క ఇలా ఉంటుంది. పన్నెండు గుడ్లు వేస్తే పది పిల్లలు లేస్తాయి. రెండు నెలలు తిరిగేసరికి నాలుగు మిగులుతాయి. మిగతావేవమ్మా అంటే, "గద్దకొకటి, పిల్లికి రెండు, తెగులుకి మూడు" అని ఇల్లాలు తాపీగా చెబుతుంది. ఆ తాపీతనమే చిక్కంతా. కోడి ఎక్కువ గుడ్లు పెట్టడం లేదనీ, కొత్త జాతి తెచ్చుకోవాలనీ ఆలోచించేవారు, చేతికొచ్చిన పదింటిలో ఆరు పోవడాన్ని మాత్రం తలరాత కింద జమ వేసేస్తారు. నిజానికి పెరటి కోళ్లలో లాభనష్టాలు తేలేది ఆ మొదటి ఎనిమిది వారాల్లోనే.

ముందు గుడ్ల సంగతి. పొదగేసే గుడ్డు వారం దాటినది కాకూడదు. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు గరుకుగా ఉన్నవి, సన్నగా బీటలిచ్చినవి కూరకు వాడుకోవచ్చు. పేడ అంటిందని గుడ్డును నీళ్లతో కడగకూడదు. పెంకు మీద ఉండే సన్నటి పొర పోతే, ఆ రంధ్రాల్లోంచి సూక్ష్మజీవులు లోపలికి దిగి గుడ్డు మురిగిపోతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. పది పెట్టలకు ఒక పుంజైనా లేకపోతే గుడ్లలో జీవం ఉండదు. దుకాణంలో కొన్న ఫారం గుడ్లు పొదిగించి చూద్దామని సరదాపడే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ ఫారాల్లో పుంజులే ఉండవు కాబట్టి ఇరవై ఒక్క రోజులు ఎదురుచూసినా వాసన తప్ప ఏమీ రాదు.

గుడ్లు పోగయ్యేదాకా దాచడానికి పాతకాలపు పద్ధతి ఒకటుంది. వెడల్పు మూతి కుండలో సగందాకా ఇసుక పోసి తడిపి, పైన గోనెగుడ్డ పరిచి, మొన కిందికి వచ్చేలా గుడ్లు పేర్చి నీడన పెడతారు. ఇందులో శాస్త్రం లేకపోలేదు. చుట్టూ ఉన్న వేడి ఇరవై, ఇరవై రెండు డిగ్రీలు దాటితే పొదగకముందే పిండం కొద్దికొద్దిగా కదలడం మొదలుపెడుతుంది, నిలవలో నీరసించి చచ్చిపోతుంది. వేసవిలో పొదగేసిన గుడ్లు సగం మురిగేది అందుకే. కార్తీకంలో పొదిగిస్తే ఆ బాధ తక్కువ.

గంపలోనో పాత బేసిన్‌లోనో అడుగున కాస్త బూడిద చల్లి, పైన మెత్తటి గడ్డి గుండ్రంగా సర్ది, చీకటి మూల చూసి పెట్టాలి. పెట్ట రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విప్పి చూసి, పేలుంటే ముందే వదిలించాలి. పేలు కుడుతుంటే అది స్థిరంగా కూర్చోదు, మాటిమాటికీ లేస్తే గుడ్లు చల్లబడతాయి. నాటు పెట్ట కిందకు పది, పన్నెండు గుడ్లు చాలు. ఆశపడి పదహారు పెడితే అంచున ఉన్నవాటికి వేడి అందదు. అంచువి లోపలికి, లోపలివి అంచుకి పెట్ట తిప్పుకుంటూ ఉంటుంది కాబట్టి చివరకు అన్నీ కొంతకొంత చెడతాయి. కోడిని రాత్రిపూట కూర్చోబెడితే తెల్లారేసరికి కుదురుకుంటుంది. రోజుకొకసారి లేచి తిని, తాగి, రెట్ట వేసి పది, పదిహేను నిమిషాల్లో తిరిగొస్తుంది. మేత, నీళ్లు గంప పక్కనే ఉంటే మరీ మంచిది.

ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని గంపలో ఇనుప మేకు, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ వేసే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. వేసుకోవచ్చు, మేకు వల్ల నష్టమేమీ లేదు. కానీ మేకు వేశామన్న ధీమాతో ఏడో రోజు పరీక్ష మానేయకూడదు.

ఆ పరీక్షకు సెల్‌ఫోన్ లైటు చాలు. రాత్రి గదిలో దీపాలార్పి, చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టి, అందులో గుడ్డు లావు కొసను ఆనించి వెనక నుంచి వెలుగు కొట్టాలి. జీవమున్న గుడ్డులో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెగూడులా సన్నటి ఎర్రని నరాలు కనిపిస్తాయి. ఒక్క క్షణం కదలకుండా పట్టుకుంటే ఆ చుక్క ఊగడం కూడా తెలుస్తుంది. నరాలు లేకుండా పచ్చగా, తేటగా ఉంటే ఖాళీ గుడ్డు. నరాలు విరిగి ఎర్రటి గీతలా ఒక ఉంగరం మాత్రమే ఉంటే మధ్యలో చచ్చింది. రెండూ తీసేయాలి. ఒకేరోజు రెండు పెట్టలను కూర్చోబెట్టినవారికి ఇక్కడ ఇంకో వెసులుబాటు ఉంది. ఖాళీ గుడ్లు తీసేశాక మిగిలినవి ఒక్క పెట్ట కిందకు సరిపోతాయి, రెండోది మళ్లీ గుడ్లకు వస్తుంది.

చిన్న ఇంక్యుబేటర్ కొన్నవారు వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలిచేలా, పద్దెనిమిదో రోజు దాకా గుడ్లను రోజుకు నాలుగైదుసార్లు తిప్పేలా, చివరి మూడు రోజులు తిప్పకుండా తేమ పెంచేలా చూసుకోవాలి. కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకోవాలి. పెట్టకు ఈ బెంగలేవీ లేవు.

ఇరవై ఒకటో రోజున పిల్ల పెంకు చిదిమి ముక్కు బయటపెట్టి, గంటలకొద్దీ అలాగే ఆగిపోతుంది. చూసేవాళ్లకు ఓపిక చాలక పెంకు వలుస్తారు. వలవకూడదు. లోపలి రక్తనాళాలు ఇంకా ఎండవు, వలిస్తే రక్తం కారి పిల్ల చస్తుంది. పుట్టిన పిల్ల కడుపులో పచ్చసొన మిగిలి ఉంటుంది, ఒకరోజు మేత లేకపోయినా దానికేమీ కాదు. వెచ్చదనం మాత్రం లేకపోతే గంటల్లోనే ముడుచుకుపోతుంది.

తల్లి ఉన్న పిల్లలకు తల్లి రెక్కే దుప్పటి. యంత్రంలో పొదిగించినవాటికి, హేచరీ నుంచి తెచ్చినవాటికి ఆ రెక్కను మనం తయారుచేయాలి. అట్టతోనో తడికతోనో గుండ్రంగా దడి కట్టి, రెండంగుళాల మందాన వరి ఊక పోసి, మొదటి రెండు మూడు రోజులు దాని మీద కాగితం పరచాలి. ముప్పై పిల్లలకు అరవై వాట్ల బల్బు ఒకటి. దడి గుండ్రంగానే ఎందుకంటే, మూలలుంటే చలికి అన్నీ ఒకే మూల ఒకదాని మీదొకటి ఎక్కి అడుగువి ఊపిరాడక చస్తాయి. వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుకట్టి కీచుమంటుంటే చలి, దడి అంచుకు పోయి నోళ్లు తెరిస్తే వేడెక్కువ, చెల్లాచెదురుగా తిరుగుతూ గింజ ఏరుకుంటుంటే సరిగ్గా ఉన్నట్టు. మేతకు మొదట నూకలు, దంచిన మొక్కజొన్న సరిపోతాయి. మాంసకృత్తుల కోసం చెదలు పట్టించి వేసే పద్ధతికి ఖర్చు లేదు. పాత కుండలో తడి పేడ, గోనెసంచి ముక్కలు కుక్కి చెదల పుట్ట దగ్గర సాయంత్రం బోర్లిస్తే తెల్లారేసరికి పిల్లలకు విందు. బూజు పట్టిన మొక్కజొన్న, బూజు వాసన వచ్చే వేరుశనగ చెక్క మాత్రం కోళ్లకే కదా అని వేయకూడదు. ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది.

ఇక తెగులు. పెరటి కోళ్లను ఊరి ఊరంతా ఊడ్చేసేది కొక్కెర తెగులు. ఉత్తరాదిన రాణిఖేత్‌లో బయటపడ్డందున డాక్టర్లు దాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఇది సోకిన కోడికి ఆకుపచ్చగా, సున్నంలా పారుతుంది, నోరు తెరిచి గురగుర శబ్దంతో గాలి పీలుస్తుంది, మెడ మెలితిరుగుతుంది. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఉంది. కార్తీకం మొదట్లో పొదగేస్తే నెలాఖరుకు పిల్లలు లేస్తాయి. పుట్టిన ఏడో రోజున కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా టీకా. పద్నాలుగో రోజు గంబోరో అనే మరో తెగులుకు టీకా. ఇరవై ఎనిమిదో రోజు, అంటే ధనుర్మాసంలో, మళ్లీ లసోటా. ఎనిమిది వారాలు నిండాక, కనుమ దాటిన రోజుల్లో, కొక్కెర తెగులుకే ఆర్‌టూబీ టీకా ఇంజెక్షన్. ఎండలు ముదిరి తెగులు చెలరేగే నాటికి కోడి ఒంట్లో రక్షణ ఉండాలంటే ఈ వరస తప్పకూడదు.

పది కోళ్లున్నవారికి టీకా అందకపోవడానికి కారణం ధర కాదు, సీసా. చిన్న సీసా కూడా వంద మోతాదుల పైమాటే. మూత తీసి కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, అప్పటిదాకా ఐసు మధ్య ఉండాలి. అందుకే ఇది వీధిలోని పదిళ్లవాళ్లు కలిసి చేసుకోవలసిన పని. ఒకరు థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసుకుని పశువుల ఆసుపత్రి నుంచి సీసా తెస్తే, తెల్లవారుజామున కోళ్లను గూళ్లలోంచి వదలకముందే ఇంటింటికీ తిరిగి గంటలో ముగించవచ్చు.

సంక్రాంతికి ఇంకో ప్రమాదముంది. సంతలో కొన్న పుంజు, బరిలోంచి తిరిగొచ్చిన పుంజు, చుట్టాలు చేతిలో పెట్టిన పెట్ట, ఇవన్నీ ఊరూరి తెగుళ్లను మోసుకొస్తాయి. కొత్తగా వచ్చినదాన్ని రెండు వారాలు వేరే గంప కింద ఉంచి, మన కోళ్ల పని అయ్యాకే దానికి మేత వేయాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు పెరటి కోళ్లవారికీ గుబులు తప్పలేదు. ఒకటి రెండు రోజుల్లో కోళ్లు మూకుమ్మడిగా రాలిపోతే కోసి పంచుకోకుండా, కాలువలో పారేయకుండా, పశువైద్యుడికి కబురు పెట్టాలి. 1962కు ఫోన్ చేసినా సరే.

తెగులును గెలిచిన పిల్ల మీద కన్నేసే దొంగలు చాలామందే. ఎవరొచ్చారో తెలియకుండా కంచె వేస్తే డబ్బు దండగ. తెల్లారి గూడు తెరిచినప్పుడు కనిపించేదాన్ని బట్టి దొంగను పోల్చుకోవాలి. మూడు నాలుగు కోళ్లు మెడ దగ్గర కొరుకుళ్లతో పడి ఉండి, మాంసం పెద్దగా పోకపోతే ముంగిస. పెరడంతా ఈకలు చిమ్మి, కోడిని చీల్చి వదిలేస్తే కుక్క. ఒక్క పిల్ల ఒక్క ఈకా మిగలకుండా మాయమైతే బావురుపిల్లో పామో. గూటి మూలన కొత్త కన్నం, పక్కన తవ్విపోసిన మట్టి, కాళ్లు కొరికిన పిల్లలు కనిపిస్తే పందికొక్కు. పట్టపగలు తల్లి కెక్కెక్కుమని అరిచి పిల్లలన్నీ పొదల్లో దూరితే, ఆకాశం వైపు చూడటమే.

చాలామంది కోళ్ల జాలీ కొట్టి నిశ్చింతగా పడుకుంటారు. ఆ పలచటి ఆరు పలకల జాలీ కోడి బయటకు పోకుండా ఆపుతుందే గానీ, ముంగిస లోపలికి రాకుండా ఆపదు. గూటికి అరంగుళం కన్నాల వెల్డెడ్ జాలీ వేయాలి. దాన్ని నేల దగ్గర ఆపేయకుండా అడుగు పొడవు బయటికి మడిచి మట్టి కప్పితే, తవ్వేవాటికి గోరు ఆనదు. ఇంకా మంచిది గూటిని నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తున గుంజల మీద నిలపడం, గుంజల చుట్టూ నున్నటి రేకు చుట్టడం. రెట్ట కింద పడిపోతుంది, గూడు పొడిగా ఉంటుంది, పాము, పందికొక్కు ఎక్కలేవు. ముంగిసకు, ఉడుముకు ఉచ్చులు, విషం పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా ఆ విషం తిన్న ఎలుక ఇంటి పిల్లి కడుపులోకే చేరుతుంది.

గద్దకు మాత్రం కంచె పనిచేయదు. దానికి మందు నీడ. పెరట్లో మునగ, కరివేపాకు, అరటి, ఒక కందిసాలు ఉంటే పిల్లలు రెండంగల్లో దాక్కుంటాయి. సముద్రం పక్క ఊళ్లలో చిరిగిన వలలు చవగ్గా దొరుకుతాయి. నాలుగు గుంజలు పాతి పైన పరిస్తే మొదటి నెల గడిచిపోతుంది. పిల్లలకు గులాబి రంగు పూసే ఊళ్లూ ఉన్నాయి. గద్ద బెదురుతుందని వాళ్ల నమ్మకం. అంతకన్నా గట్టి కాపలా నాటు తల్లి. ముఖ్యంగా అసీల్ పెట్ట పిల్లల కోసం కుక్క మీదికైనా దూకుతుంది.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు కావాలనుకునేవారు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. గ్రామప్రియ పెరట్లోనే ఏడాదికి నూట అరవై దాకా గుడ్లు పెడుతుంది, నాటు పెట్ట అందులో సగం కూడా పెట్టదు. వనరాజకు పొడవాటి కాళ్లు, రంగురంగుల ఈకలు ఇచ్చింది పరిగెత్తి, దాక్కుని బతకడానికే. అయితే వీటికి పొదుగు గుణం దాదాపు లేదు. సంకరాలు కాబట్టి వీటి గుడ్లు పొదిగిస్తే వచ్చే పిల్లలు తల్లిదండ్రులంతవి కావు. అందుకని గుడ్లకు గ్రామప్రియ, పొదగడానికి నాటు పెట్ట అని రెండూ కలిపి పెంచేవారు తెలివైనవారు. ఉమ్మడి తూర్పు గోదావరి మన్యంలో ఆదివాసీలు పెట్ట లేని ఇంటికి వాటా పద్ధతిలో పెట్టనిచ్చి, పుట్టిన పిల్లలను పంచుకుంటారు. పొదిగే పెట్ట విలువ తెలిసినవాళ్ల ఏర్పాటది.

సందెవేళ గూటి తలుపు వేసేముందు కోళ్లను లెక్కపెట్టుకోవాలి. ఒక పెట్ట తగ్గితే ముంగిసను తిట్టుకుని పడుకోకుండా టార్చి పట్టుకుని గడ్డివామి వెనక, కట్టెలమోపు కింద ఓసారి చూడాలి. ఎవరికీ చెప్పకుండా పది గుడ్లు పెట్టుకుని, వాటి మీద ఈకలుబ్బించి కూర్చుని, వెలుగు మొహాన పడగానే గుర్రుమంటుంది.