ఎక్కడ ఆపాలో తెలిసిన కెమిస్ట్

ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసినవారికి ఒక అలవాటు చేతిలో పడిపోతుంది. రియాక్షన్ అవగానే రోటావాపర్ మీద సాల్వెంట్ మొత్తం లాగేసి, వ్యాక్యూమ్‌లో పూర్తిగా ఎండబెట్టి, పొడి తూచి రికార్డులో రాసుకోవడం. రేడియోలేబుల్డ్ మందుల ల్యాబ్‌లో అడుగుపెట్టాక ముందు మానుకోవాల్సింది దాన్నే.

కొత్త మందు ఒంట్లోకి వెళ్లాక ఎక్కడ చేరుతోంది, ఏ రూపంలోకి మారుతోంది, ఎంత బయటికి పోతోంది? ఇది తేల్చడానికి మందు అణువులో ఒక కార్బన్ స్థానంలో కార్బన్-14నో, హైడ్రోజన్ బదులు ట్రిటియంనో పెడతారు. దాన్ని తయారుచేసి, శుద్ధిచేసి, ప్రయోగం జరిగే రోజు దాకా చెడకుండా కాపాడేది రేడియోకెమిస్ట్. కార్బన్-14 అర్ధాయువు 5,730 ఏళ్లు, ట్రిటియంది 12.3 ఏళ్లు. ఆ లెక్క చూసి సరుకు అన్నేళ్లూ నిలుస్తుందనుకోకండి. నిలిచేది రేడియోధార్మికతే, అణువు కాదు.

ఈ ఐసోటోపులు క్షయమైనప్పుడు బయటపడే బీటా కణం పక్క అణువులను దెబ్బతీస్తుంది. ట్రిటియం బీటా కణం నీటిలో ఆరు మైక్రాన్లు కూడా దాటదు కాబట్టి దాని శక్తంతా సీసాలోనే ఖర్చవుతుంది. ఎండిన పొడిలో అణువులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, దెబ్బ నేరుగా తగులుతుంది. అందుకే ఎక్కువ స్పెసిఫిక్ యాక్టివిటీ ఉన్న సరుకును ఎండబెట్టరు, పలచని ద్రావణంగా ఉంచుతారు. నీటిలో హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టి అణువును తినేస్తాయి కనుక, వాటిని పట్టుకోవడానికి కాస్త ఇథనాల్ కలుపుతారు. రెండు శాతం కలిపినా తేడా తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న ఒకటి చెబుతాను. నీటిలో ఉన్న ట్రిటియం సరుకును మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతారా? చాలామంది పెడతామనే అంటారు. కానీ నీరు మెల్లగా గడ్డకడుతుంటే అందులోని పదార్థం ఒకచోట గుమిగూడి ఇంకా త్వరగా చెడుతుంది. గడ్డకట్టకుండా 2-4 డిగ్రీల దగ్గర ఉంచడమో, లిక్విడ్ నైట్రోజన్‌తో ఒక్కసారిగా మైనస్ 140కి దించడమో చేయాలి.

సాల్వెంట్ తీసేయాల్సిన సందర్భాలూ ఉంటాయి. ట్రిటియం గ్యాస్‌తో లేబుల్ చేశాక ఓ-హెచ్, ఎన్-హెచ్ స్థానాల్లో అంటుకున్న ట్రిటియం నిలకడగా ఉండదు. మెథనాల్‌లో కరిగించి, తీసి, మళ్లీ కరిగించి దాన్ని వదిలించాలి. అలా బయటికి వచ్చిన మెథనాల్ కూడా రేడియోధార్మిక వ్యర్థమే. కోల్డ్ ట్రాప్‌లో పట్టి, లెక్క రాసి అప్పగించాలి. తర్వాత స్వచ్ఛత రేడియో-హెచ్‌పీఎల్‌సీలో, యాక్టివిటీ లిక్విడ్ సింటిలేషన్ కౌంటర్‌లో చూస్తారు. నెల తర్వాత మళ్లీ చూస్తే అంకె మారి ఉండొచ్చు.

ఇంట్లోవాళ్లు రేడియేషన్ అనగానే కంగారుపడతారు. ఈ బీటా కణాలను గాజు సీసా గోడే ఆపేస్తుంది. అసలు జాగ్రత్త ఒలకడం, పీల్చడం, మింగడం దగ్గరే. ట్రిటియం మోతాదు రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీకి అందదు, మూత్ర పరీక్షతో తెలుసుకుంటారు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు.

దారులు? బార్క్ ట్రైనింగ్ స్కూల్ కెమిస్ట్రీ వారినీ తీసుకుంటుంది. అణుశక్తి శాఖలోని బ్రిట్ ఐసోటోపుల మీద పనిచేస్తుంది. హైదరాబాద్ సీసీఎంబీ ప్రాంగణంలోని ఆ సంస్థ ‘జొనాకి’ కేంద్రం ఫాస్ఫరస్-32తో లేబుల్ చేసిన న్యూక్లియోటైడ్లు తయారుచేసింది. ఫాస్ఫరస్-32 అర్ధాయువు 14.3 రోజులే. అక్కడ క్యాలెండర్ చూసుకుంటూ పనిచేయాలి.

ఈ ఒక్క ఉద్యోగాన్నే నమ్ముకుని చదవమని మాత్రం చెప్పను, సీట్లు తక్కువ. ముందు సింథసిస్, హెచ్‌పీఎల్‌సీల మీద గట్టి పట్టు తెచ్చుకోండి. ఆ పట్టు ఉంటే ఏ ఫార్మా ల్యాబ్‌కైనా పనికొస్తారు. రేడియోధార్మికత సంగతులు ఆపైన నేర్చుకోవచ్చు.