కడుపు క్యాన్సరు వంశపారంపర్యమా?

ప్రశ్న: మా నాయనకు, మేనత్తకు కడుపు క్యాన్సరు వచ్చినది. మేనరికమే కారణమని బంధువులందురు. నాకును వచ్చునా?
— ఒక నేతపనివారు, ఎమ్మిగనూరు

జవాబు: తప్పక వచ్చునని భయపడవలదు, ఈ వ్యాధి అధికముగా హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవి వలనను, పొగాకు, మితిమీరిన ఉప్పు వలనను కలుగునదే. ఐనను ఆ క్రిమి రేపు వాపును తీవ్రము చేయు జన్యుభేదములు కొన్ని అపాయమును కొంత పెంచును. 1998లో న్యూజిలాండు మావోరీ కుటుంబములలో కనుగొనబడిన సీడీహెచ్1 జన్యులోపము మాత్రము, అరుదైనదే యైనను, మిక్కిలి ప్రమాదకరము. అది తలిదండ్రులలో ఒక్కరినుండి సంక్రమించినను చాలును గనుక మేనరికమును నిందించుట వ్యర్థము. మన సీమలో ప్రతి రోగమునకు అదియే ముద్దాయి!

మీరు ఆ యిరువురి బయాప్సీ పత్రములను, వ్యాధి బయటపడిన వయస్సును సేకరించి ఆదోనిలో వైద్యునికి చూపుడు. క్రిమిపరీక్ష చేయించుకొని, అది యున్నచో మందులు పూర్తిగా వాడుడు. వారిలో ఒకరికైనను ఏబదియేండ్ల లోపున వచ్చియున్నచో జన్యుపరీక్షను గూర్చి అడుగుడు. అకారణముగా బరువు తగ్గుట, నల్లని విరేచనము, మ్రింగుట కష్టమగుట కన్పించినచో జాగుసేయక కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు వెళ్లి ఎండోస్కోపీని గూర్చి వైద్యులను సంప్రదింపుడు.