‘నువ్వు’ ఎవరో అడక్కుండా కవిత చదవడం

గత సంచికకి పేరు లేకుండా ఒక ప్రేమ కవిత వచ్చింది. రాత్రి బస్సు, పక్క సీట్లో ‘నువ్వు’, భుజం మీద వాలిన తల. అంతే కవిత. ప్రూఫ్ చూసింది నేనే. బాగుంది కానీ క్లారిటీ లేదనిపించి ‘వాలిన తల’ని ‘వాలిన జడ’ చేశాను. మర్నాడు మెయిల్ వచ్చింది: “అందులో జడ లేదండీ. దయచేసి కవిత వేయొద్దు.”

ఒక్క మాటకి ఇంత పట్టింపా అనుకున్నాను. తర్వాత సెలవుల్లో కవాఫీని చదివాను. అప్పుడు తెలిసింది, నేను మార్చింది ఒక్క మాట కాదని.

కవాఫీ (1863–1933) గ్రీకు కవి. పుట్టిందీ, పోయిందీ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో. సివిల్ వాళ్ళు గమనించాలి: 1892 నుంచి 1922 దాకా, అంటే 30 ఏళ్ళు, ఆయన ఇరిగేషన్ శాఖలో గుమాస్తా. పగలు ఫైళ్ళు, రాత్రి కవిత్వం. ఆయన ప్రేమించింది మగవాళ్ళని. ఆ మాట బయటికి అనగలిగే కాలం కాదది. అయినా ప్రేమ కవితలు రాయడం మానలేదు, అబద్ధమూ రాయలేదు. ఎలా కుదిరింది? నాకు కనిపించినవి మూడు పద్ధతులు.

మొదటిది వ్యాకరణం. గ్రీకులో క్రియ చూసి కర్త ఆడో మగో చెప్పలేం. సర్వనామం వదిలేసినా వాక్యం నిలబడుతుంది. విశేషణాలు మాత్రం గుట్టు బయటపెట్టేస్తాయి, వాటి దగ్గర జాగ్రత్తపడాలి. అందుకే ఆయన కవితలు కొన్నింటిలో, ముఖ్యంగా మొదటి రోజుల్లో, ప్రియమైన మనిషి ఎవరో తేలదు. ఇంగ్లీషులోకి తెచ్చేవాళ్ళకి అక్కడే చిక్కు: ‘హీ’ అనాలా, ‘షీ’ అనాలా?

రెండోది చరిత్ర. తన కాలం గురించి అనలేనిది వందల ఏళ్ళ కిందటి గ్రీకు యువకుల నోట పలికించాడు. మూడోది పంపకం. కవితల్ని విడి కాగితాల మీద అచ్చేయించి, తాను ఎంచుకున్నవాళ్ళకే ఇచ్చేవాడు. మార్కెట్లోకి పూర్తి సంపుటి వచ్చింది ఆయన పోయిన రెండేళ్ళకి, 1935లో. వయసు పెరిగేకొద్దీ ఆయనే దాపరికం తగ్గించుకుంటూ వచ్చాడు. కానీ 1908లో రాసిన ‘దాగినవి’ అనే కవితని మాత్రం బతికుండగా అచ్చుకివ్వలేదు.

ఇప్పుడు మన భాషకి వద్దాం. హిందీలో ‘నేను వెళ్ళాను’ అనాలంటే ‘గయా’నో ‘గయీ’నో తేల్చుకోవాలి. తెలుగులో ఆ బాధ లేదు. ‘వచ్చాను’, ‘వచ్చావు’ – ఆడైనా మగైనా ఇంతే. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అంటే తెలిసిపోతుంది. ‘వచ్చారు’ అంటే మళ్ళీ తెలియదు. ‘నేను’ దగ్గర కూడా ఒక గొయ్యి ఉంది: ‘ఒంటరివాణ్ణి’, ‘ఒంటరిదాన్ని’. దాన్ని దాటాలంటే ‘ఒంటరిగా ఉన్నాను’ అనాలి. అంటే నేను–నువ్వు మధ్య నడిచే కవితలో ఎవరైనా తలదాచుకోవచ్చు. ఆ చోటు మన భాషే ఇచ్చింది.

ఇక్కడో జాగ్రత్త. లింగం తెలియని ప్రతి కవితా రహస్యం కాదు. క్షేత్రయ్య నాయిక గొంతుతో పదాలు రాశాడంటే అది ఆనాటి పద సంప్రదాయం, దాన్నిబట్టి ఆయన జీవితం గురించి ఏమీ తేల్చలేం. జడ లేని చోట జడ పెట్టడం ఎంత తప్పో, మీసం పెట్టడమూ అంతే తప్పు. కవి ఖాళీగా వదిలింది ఖాళీగానే చదవాలి.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య సంబంధం నేరం కాదంది. మంచిదే. కానీ హాస్టల్ గదిలో “ఎవర్రా ఆ అమ్మాయి?” అని అడిగేది కోర్టు కాదు, మనమే. అడిగినవాడికి అది సరదా. జవాబు చెప్పాల్సినవాళ్ళు ఆ క్షణంలో ఒక పేరు కల్పించుకోవాలి, రేపు అడిగితే మళ్ళీ అదే పేరు గుర్తుంచుకోవాలి. కవితలో ఒక్కచోటైనా ఆ పని తప్పుతుందనుకుంటే, అక్కడా నేను జడ పట్టుకుని తయారయ్యాను.

ఆ కవిత రాసింది అబ్బాయో అమ్మాయో నాకు తెలియదు. నేననుకున్నదేదీ నిజం కాకపోవచ్చు కూడా. మెయిల్ ఐడీ వెతకలేదు, వెతకను. ఈ సంచిక నుంచి మా ప్రూఫ్ టీం అచ్చుతప్పులే దిద్దుతుంది. మాట మార్చాలంటే రాసినవాళ్ళని అడుగుతుంది.

రాసినవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. సారీ. మీ కవిత మీరు పంపినట్టే నా దగ్గర ఉంది, జడ తీసేశాను. వేయమంటే వేస్తాం. వద్దంటే అక్కడే ఉంటుంది.