నలుబది దాటినవారికి నేత్రపరీక్ష

గ్రామములలో పెద్దవారిని "కన్నులు చూపించుకొంటిరా?" అని యడిగినచో, "నాకేమి, బాగుగనే కనబడుచున్నది గదా" అని బదులు చెప్పువారే యెక్కువ. కనబడుచున్నంతవరకు కంటికి వ్యాధి లేదని మనలో పెక్కుమంది విశ్వాసము. ఇది సరియైనది కాదు. చూపు చక్కగా నున్నట్లు తోచుచున్న కాలముననే కొన్ని వ్యాధులు కంటిలో ప్రవేశించి, మెల్లమెల్లగా చూపును హరించును. వానిని సకాలమున కనుగొనుటకు పరీక్ష తప్ప వేరు మార్గము లేదు.

చత్వారము

నలుబది యేండ్ల ప్రాయమున దగ్గరి వస్తువులు మసకగా కనబడనారంభించును. సూదిలో దారమెక్కించుటకు, బియ్యములో రాళ్లేరుటకు, పాసుపుస్తకములోని యంకెలు చదువుటకు కష్టమగును. కంటిలోని కటకము వయస్సుతో బిరుసెక్కుటయే దీనికి కారణము. దీనిని చత్వారమందుము. నలుబదిని తెలుపు సంస్కృతపదమునుండియే యీ పేరు వచ్చినది. ఇది వ్యాధి కాదు, అద్దములతో సరిపోవును. అయితే చాలమంది సంతలోనో తిరునాళ్లలోనో ఒక జోడు కొని, పని నెరవేరినదని తలంతురు. ఆ యద్దములు అక్షరములను చూపగలవు గాని, కంటిలోపల నేమి జరుగుచున్నదో చెప్పజాలవు.

మూడు ముఖ్యవ్యాధులు

మొదటిది శుక్లము. కటకము మసకబారి చూపు తగ్గును. శుక్లము బాగుగా పండువరకు ఆగవలెననుట పాతకాలపు మాట. చూపు తగ్గి నిత్యకృత్యములకు అడ్డము కలిగినప్పుడే శస్త్రచికిత్స చేయించుకొనవచ్చును. మసకబారిన కటకమును తీసి, కృత్రిమ కటకము నమర్చుదురు. కంటిలో వేరు వ్యాధి లేనిచో చూపు తిరిగివచ్చును.

రెండవది నీటికాసులు. ఇది మిక్కిలి మోసకరమైనది. సాధారణముగా కంటిలోని ఒత్తిడి హెచ్చుటవలన, కొందరిలో ఒత్తిడి హెచ్చకయే, దృష్టినాడి క్షీణించును. పెక్కుమందిలో నొప్పి యుండదు, ఎఱుపుండదు. ముందు ప్రక్కచూపు పోవును. ఎదుటిచూపు చివరివరకు నిలుచును. ప్రక్కనున్న యెద్దును గమనింపకపోయినను, రైతు అది తన పరాకని సరిపెట్టుకొనును. ఈ వ్యాధివలన పోయిన చూపును ఏ మందును, ఏ శస్త్రచికిత్సయు తిరిగి తేలేదు. మిగిలిన చూపును మాత్రము చుక్కలమందుతోను, అవసరమైనచో ఇతర చికిత్సలతోను కాపాడవచ్చును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1996–2000 సంవత్సరముల మధ్య జరిగిన నేత్రవ్యాధుల సర్వేలో, నీటికాసులున్నవారిలో అత్యధికులకు తమకా వ్యాధి యున్నదనియే తెలియదని తేలినది.

మూడవది మధుమేహమువలన కలుగునది. కంటి వెనుకపొరయైన రెటీనాలోని సన్నని రక్తనాళములు చెడి, వానినుండి నీరు, రక్తము కారును. ఆరంభమున రోగికి ఏ లక్షణమును తోచదు.

పరీక్ష యెట్లు చేయుదురు?

ఒక్కొక్క కంటితో అక్షరముల పట్టికను చదివింతురు. కంటి ఒత్తిడిని కొలుతురు. పిమ్మట చుక్కలు వేసి, కనుపాపను విప్పారజేసి, దృష్టినాడిని రెటీనాను చూతురు. ఆ చుక్కలవలన కొన్ని గంటలు చూపు మసకగా నుండును గాన, ఆనాడు బండి నడుపరాదు. తోడుగా నొకరిని తీసికొనిపోవుట మేలు.

ఎప్పుడెప్పుడు?

నలుబదవయేట ఒకసారి సంపూర్ణపరీక్ష, పిదప రెండేండ్లకొకసారి, అరువదియైదు దాటినపిమ్మట ఏటేట చేయించుకొనుట మంచిది. మధుమేహమున్నవారు వ్యాధి తెలిసిననాటినుండియే ఏడాదికొకసారి తప్పక చూపించుకొనవలెను. తలిదండ్రులకుగాని తోబుట్టువులకుగాని నీటికాసులున్నచో, నలుబదివరకు ఆగక వైద్యుని సంప్రదింపవలెను. ఉన్నట్టుండి కన్ను ఎఱ్ఱబడి నొప్పి, వాంతులు కలిగినను, కంటియెదుట మెరుపులో తెరయో కనబడినను, ఆ దినముననే ఆస్పత్రికి పోవలెను.

తెలంగాణమున 2018లోను, ఆంధ్రప్రదేశమున 2019లోను కంటివెలుగు పేరిట నేత్రశిబిరములు ప్రారంభింపబడినవి. అపుడు చూపించుకొంటిమి గదా యని ఊరకుండరాదు. ఆనాటి పరీక్ష ఆనాటి కంటిని గూర్చియే చెప్పును. ఊరికి శిబిరము వచ్చువరకు వేచియుండనక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునగాని, ఆశా కార్యకర్తనుగాని అడిగినచో, ఎచ్చటికి పోవలయునో తెలుపుదురు.

చేయరానివి

కంటిలో ఆకుపసరులు, చనుబాలు, ఆముదము వేయరాదు. వైద్యుడు వ్రాయక మందులదుకాణమున చుక్కలు కొని వాడరాదు. స్టెరాయిడు కలిసిన చుక్కలను చిరకాలము వాడినచో, వానివలననే నీటికాసులును శుక్లమును కలుగవచ్చును.

మన యిండ్లలో స్త్రీలు అందరి ఆరోగ్యమును చూచి, తమ కన్నుల మాట చివరకు తలంతురు. మహిళాసంఘములు, ఉపాధ్యాయులు, పంచాయతీ సభ్యులు పూనుకొని, ఊరిలో నలుబది దాటినవారినందరిని పరీక్షకు పంపుట గొప్ప సేవ యగును. కన్నులు పోయినపిమ్మట సూర్యనమస్కారములు చేసిన ప్రయోజనమేమి? కనబడుచున్నప్పుడే కన్నులను చూపించుకొందము.