సోనారి పెరట్లో నేలలోకి దిగిన హరితగృహం

లేహ్‌లో జనవరి రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు 15 డిగ్రీలు దిగువకు జారడం వింతేమీ కాదు. పొలంలో నేల గడ్డకట్టుకుపోతుంది. అయినా అక్కడ మూడడుగుల లోతున కందకం తవ్వి, పైన పాలిథిన్ పట్టా పరిచి, చలికాలం మధ్యలో ఆకుకూరలు కోసుకుంటారు. లేహ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీఐహెచ్‌ఏఆర్ ఈ కందకాల మీద చాలాకాలంగా పనిచేస్తోంది. మట్టి ఇటుకల గోడలు, దక్షిణం వైపు పాలిథిన్ వాలు ఉండే మరో రకం సౌర హరితగృహాలను జెరెస్ అనే ఫ్రెంచి సంస్థ స్థానికులతో కలిసి లద్దాఖ్ పల్లెల్లో కట్టించి, 2009లో యాష్‌డెన్ అవార్డు అందుకుంది. బొలీవియా పీఠభూమిలో ఇదే పనికి మనిషి లోతు గుంట తవ్వుతారు. దాన్ని వాలిపిని అంటారు.

తక్కువ ఖర్చు, కరెంటు అక్కర్లేదు, ఏడాది పొడవునా కూరగాయలు. ఈ మూడు మాటలు వినగానే పెరడున్న ఎవరికైనా గడ్డపార తీసుకోవాలనిపిస్తుంది. ఆ పెరడు జంషెడ్‌పూర్‌లోని సోనారిలో ఉందనుకుందాం. ఉక్కు కర్మాగారం పనికి వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్న ఊరు అది. సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహాని కూడా సోనారి అంచునే ఉంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటుతుంది. వానాకాలంలో నదులు పొంగితే లోతట్టు వీధుల్లోకి నీళ్లొస్తాయి. లేహ్ కందకాన్ని ఉన్నదున్నట్టు అక్కడ తవ్వితే మే నెలలో అది పొయ్యి అవుతుంది, ఆగస్టులో చెరువు అవుతుంది. అలాగని ఆలోచనను పూర్తిగా వదిలేయాల్సిన పని లేదు. నేల చేసే పనిని సరిగ్గా అర్థం చేసుకుని, కొలతలు మార్చాలి.

నేల లోపల చల్లగానో వెచ్చగానో ఎందుకుంటుంది? ఉపరితలం మీద వేడి రోజుకోసారి, ఏడాదికోసారి ఎక్కి దిగుతుంది. ఆ హెచ్చుతగ్గులు అలల్లా లోపలికి దిగుతూ క్రమంగా బలహీనపడతాయి. ఎంత లోతుకు బలహీనపడతాయన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: మట్టిలో వేడి ఎంత వేగంగా పాకుతుంది, అల ఎంత నిదానంగా ఊగుతుంది. కాస్త తేమగా ఉన్న మామూలు మట్టికి లెక్క కడితే, పగలు-రాత్రి అల దాదాపు 12 సెంటీమీటర్ల లోతుకే మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. 75 సెంటీమీటర్ల దగ్గర దాని జాడే ఉండదు. ఏడాది అల మాత్రం మొండిది. అది అంతే తగ్గడానికి రెండుంపావు మీటర్లు కావాలి.

అంటే రెండడుగుల గుంట తవ్వినా ఆరడుగుల గుంట తవ్వినా, పగలు-రాత్రి తేడాను ఆపడంలో ఒకటే. రుతువుల తేడాను ఆపాలంటేనే లోతు పనికొస్తుంది. సోనారిలో ఏడాది సగటు ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీలు. జనవరి సగటు, మే సగటు దానికి ఇటు ఏడు, అటు ఏడు డిగ్రీలు ఊగుతాయనుకుంటే, 75 సెంటీమీటర్ల లోతున నేల 21 నుంచి 31 మధ్య ఉంటుంది. మూడు మీటర్ల లోతున 24 నుంచి 28 మధ్యే ఉంటుంది. పైగా అక్కడ అల రెండున్నర నెలలు ఆలస్యంగా చేరుతుంది. పైన మే నెల మండిపోతుంటే, కింద ఇంకా ఫాల్గుణపు చల్లదనమే. వేసవిలో పాత బావిలోకి దిగినవారికి ఈ సంగతి సూత్రం లేకుండానే తెలుసు.

జనవరి రాత్రి బయట గాలి 10 డిగ్రీలు, గుంట గోడ వెనక మట్టి 21. మే మధ్యాహ్నం బయట 42, ఆ మట్టి సుమారు 30. రెండు వేళల్లోనూ నేల మన పక్షానే ఉంది. అయితే ఒక మెలిక ఉంది. నేల ఎంత చల్లగా ఉందన్నదొక్కటే చాలదు, ఎంత వేగంగా వేడిని మింగగలదో కూడా చూడాలి.

మే నెల మధ్యాహ్నం పాలిథిన్ కప్పు దాటి లోపలికి వచ్చే ఎండ చదరపు మీటరుకు సుమారు 700 వాట్లు. మట్టి వేడిని మెల్లగా తీసుకుంటుంది. నేల మీద వేడి పదిహేను డిగ్రీలు పెరిగినా, అది లోపలికి లాగేది 150 వాట్ల చుట్టూనే. మిగిలిన 550 వాట్లు ఎక్కడికి పోవాలి? పైకి లేచే గాలితో బయటికి పోవాలి, లేదా నీటిని ఆవిరి చేయాలి. రెంటికీ దారి లేకపోతే మొక్క ఉడుకుతుంది.

హరితగృహం వేడెక్కేదే గాలిని బంధించడం వల్ల. గాజు పరారుణ కిరణాలను లోపల ఆపేస్తుంది కాబట్టే వేడెక్కుతుందని బడిలో చదువుకున్నాం. 1909లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ రెండు చిన్న పెట్టెలు తీసుకుని, ఒకదానికి గాజు మూత, రెండోదానికి పరారుణాన్ని దాటనిచ్చే రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచాడు. ఎండను ముందే ఒక గాజు పలక గుండా పంపినప్పుడు రెండింటి మధ్య తేడా ఒక్క డిగ్రీ కూడా రాలేదు. ముఖ్యమైన పని మూత చేసింది: వేడిగాలిని పైకి పోనివ్వకపోవడం. మామూలు పాలిథిన్ కూడా ఆ ఉప్పు పలక లాంటిదే. చాలావరకు పరారుణాన్ని దాటనిస్తుంది. అందుకే మబ్బులేని చలి రాత్రి ఒట్టి పాలిథిన్ పందిరి పెద్దగా కాపాడదు. అక్కడ పనిచేసేది పగటి వేడిని దాచుకున్న మట్టి.

గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో, కొఠారా అనే చోట ఈ లెక్కకు ఒక మంచి పరీక్ష జరిగింది. అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యుడు గిరిజా శరణ్ బృందం హరితగృహం కింద మూడు మీటర్ల లోతు దాకా గొట్టాలు పాతి, లోపలి గాలిని వాటి గుండా తిప్పింది. చలికాలపు రాత్రి లోపల సులువుగానే వెచ్చబడింది. వేసవి పగలు మాత్రం గొట్టాలొక్కటే సరిపోలేదు. నీడ, గాలి దారులు, నీటి తుంపర కూడా కావలసి వచ్చాయి. ఎడారి అంచున ఉన్న కచ్‌లోనే అంత అవసరమైతే, సోనారి పెరట్లో గొట్టాలు పాతడం నా దృష్టిలో దండగ. వానాకాలంలో వాటిలో నీరు, బూజు చేరడం అదనపు తలనొప్పి.

ఇక కప్పు వాలు. చలికాలపు మధ్యాహ్నపు ఎండ కప్పు మీద నిట్టనిలువుగా పడాలన్నది చలిదేశాల సూత్రం. డిసెంబరు 21న లేహ్‌లో మధ్యాహ్న సూర్యుడు 32 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి అక్కడ కప్పు బాగా నిటారుగా ఉండాలి. సోనారి 22.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కర్కటరేఖకు కాస్త దక్షిణంగా ఉంది. అదే రోజు అక్కడ సూర్యుడు దాదాపు 44 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. జూన్ రెండో వారంలో ఒకసారి, జూలై మొదట్లో మరోసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ నడుమ రోజుల్లో కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. అంత ఎండ దొరికే చోట చలికాలపు కిరణాల కోసం కప్పు నిటారుగా కట్టక్కర్లేదు. వాననీరు నిలవకుండా జారడానికి 20, 25 డిగ్రీల వాలు చాలు.

ఆ 44 డిగ్రీలే గుంట లోతునూ తేలుస్తాయి. తూర్పు పడమరలుగా తవ్విన గుంటలో దక్షిణపు గట్టు నిలువుగా ఉంటే, డిసెంబరు మధ్యాహ్నం 75 సెంటీమీటర్ల గట్టు 78 సెంటీమీటర్ల నీడ వేస్తుంది. మూడు మీటర్ల వెడల్పులో పావు వంతు పోయినట్టే. మీటరున్నర తవ్వితే సగం పోతుంది. గట్టును నిలువుగా కాకుండా 44 డిగ్రీల కంటే తక్కువ వాలుగా చెక్కితే మధ్యాహ్నం నీడే పడదు, మట్టి విరిగిపడే భయమూ తగ్గుతుంది. ఇసుక కలిసిన మట్టిలో నిలువు గోడల లోతు గుంటలోకి దిగడం ప్రమాదం కూడా. పిల్లలున్న ఇంట్లో మరీను.

కాబట్టి ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల లోతు. దీనికి పదమూడున్నర ఘనపు మీటర్ల మట్టి, అంటే ఇరవై టన్నుల పైమాటే తవ్వి తీయాలి. ఖర్చులో పెద్ద భాగం ఆ కూలీదే. ఆ మట్టిని దూరంగా పారబోయించకండి. ఉత్తరాన, తూర్పున, పడమరన అడుగున్నర ఎత్తు కట్టగా పోసి దిమ్మిస కొట్టాలి. దక్షిణాన జానెడు చాలు, లేకపోతే మళ్లీ నీడ. ఈ కట్టే వీధి నీటిని లోపలికి రానివ్వదు. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే కాలబైశాఖి గాలివానకు ఎత్తయిన పందిళ్లు లేచిపోతాయి. సగం నేలలో ఉన్న పొట్టి కప్పు గాలికి అంత చిక్కదు. జార్ఖండ్‌లో నేలలోకి దిగడం వల్ల వచ్చే లాభాల్లో దీన్ని నేను చలి కంటే ముందు లెక్కిస్తాను.

కప్పుకు వెదురు వాసాలు, వాటి మీద ఎండకు పెళుసెక్కని 200 మైక్రాన్ల పాలిథిన్ పట్టా, వేసవికి సగం ఎండను ఆపే షేడ్‌నెట్. పట్టాను శాశ్వతంగా మేకులతో బిగించకుండా, చాపలా చుట్టి పక్కన పెట్టేలా కట్టుకోవాలి. గుంటకున్న అసలు లోపం గాలి: అదొక గిన్నె. చల్లని గాలి అడుగున నిలిచిపోతుంది, వేడిగాలి కప్పు కింద పేరుకుంటుంది. అందుకని తూర్పు, పడమర కొసలను వలతో తెరిచి ఉంచి, కప్పు పైఅంచున పొడవునా సందు వదలాలి. షేడ్‌నెట్ వేశాక కూడా ఈ 18 చదరపు మీటర్లలోకి ఆరు వేల వాట్లకు పైగా వేడి వస్తుంది. లోపలి గాలి బయటికంటే పది డిగ్రీలు మించకుండా దాన్ని సాగనంపాలంటే కింద ఒక చదరపు మీటరు, పైన మరో చదరపు మీటరు తెరిపి కనీసం ఉండాలి. మే నెలకు పది డిగ్రీలు కూడా ఎక్కువే. అప్పుడు పట్టా పూర్తిగా తీసేసి నెట్ ఒక్కటే ఉంచడం మేలు. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ల వేడి పోతుంది. మధ్యాహ్నం దారి మీద, గట్ల మీద చల్లిన రెండు బిందెల నీళ్లు చేసే మేలు అంతా ఇంతా కాదు.

వానాకాలంలో లెక్క తిరగబడుతుంది. ఒక్కరోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే ఈ కప్పు మీద 1,800 లీటర్లు పడ్డట్టు. సగం కోసిన పీవీసీ గొట్టాన్ని కప్పు అంచున కట్టి ఆ నీటిని డ్రమ్ముల్లోకో, దూరంగా ఇంకుడు గుంటలోకో పంపాలి. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నారుకుళ్లు తెగులు కాచుకుని ఉంటుంది. కొసలు మూయకూడదు.

ఏడాది పొడవునా వాడటమంటే ఏడాది పొడవునా మూసి ఉంచడం కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సోనారిలో ఆరుబయటే కాబేజీ, టమాటా, పాలకూర హాయిగా పండుతాయి. అప్పుడు పట్టా రాత్రిపూట, అదీ గట్టి చలి ఉన్న వారాల్లోనే. ఈ కట్టడం విలువ మిగతా ఎనిమిది నెలల్లో తెలుస్తుంది: మే నెలలో నీడలో తోటకూర, జూలై-ఆగస్టుల్లో వాన దెబ్బ తగలని కొత్తిమీర, చలికాలపు పంటకు ముందుగా పోసుకున్న టమాటా, కాలీఫ్లవర్ నారు. తెలంగాణ చిన్న రైతుల కోసం తక్కువ ఖర్చు హరితగృహాలు చేసి 2022లో ఎర్త్‌షాట్ బహుమతి గెలిచిన హైదరాబాద్ సంస్థ ఖేతి దృష్టి కూడా చలి మీద లేదు. పంటను వేడి నుంచి, పురుగు నుంచి కాపాడటమే వారి లక్ష్యం. బయటి పొలం కంటే 98 శాతం తక్కువ నీరు, ఏడు రెట్ల దిగుబడి అన్నవి ఆ సంస్థ చెప్పే అంకెలు. పెరటి గుంట నుంచి అంత ఆశించవద్దు.

తవ్వే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి ఒక వానాకాలం ఆగాలి. ఆగస్టు చివర పెరట్లో రెండు మీటర్ల లోతున సన్నటి రంధ్రం తవ్వించి, మూత పెట్టి, మర్నాడు చూడండి. అడుగు వరకూ పొడిగా ఉంటే 75 సెంటీమీటర్ల గుంటకు ఢోకా లేదు. నీళ్లు కనిపిస్తే, నది వైపు ఇళ్లలో కనిపించే అవకాశమే ఎక్కువ, గుంట జోలికి పోవద్దు. మడులను నేలమట్టానే ఉంచి, బయటి నుంచి తెచ్చిన మట్టితో ఉత్తరాన మీటరు ఎత్తు కట్ట పోసి, దాని మీద నుంచే కప్పు దించండి. కాలు తడవకుండా నేల చేసే మేలులో సగమైనా దక్కుతుంది.